పరిచర్య అంటే మళ్ళీ వెళ్ళడం

తెల్లవారుజాము నాలుగున్నరకి మా వీధి మొగలో ఆటో వచ్చి ఆగేది. ఆటో అబ్బాయి హారన్ కొట్టేవాడు కాదు. పక్కిళ్ళలో పసిపిల్లలున్నారని దిగివచ్చి, గేటు గొళ్ళెం రెండుసార్లు మెల్లగా ఆడించేవాడు. "మేస్టారూ, లేచినారేటి? బేగి బయల్దేరిపోతే మొదటి బేచిలో ఎక్కించేస్తారు" అనేవాడు. ఆటో అద్దం మీద పాతపట్నం నీలమణి దుర్గమ్మ పటం ఉండేది. దాని ముందు ఒక అగరొత్తి వెలిగించేవాడు. మా ఆయన వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నంతసేపూ ఇంజను ఆపి ఉంచేవాడు. ఆయన "ఆమేన్" అన్నాకే బండి కదిలేది. వారానికి రెండుసార్లు, దాదాపు మూడేళ్ళపాటు డయాలసిస్‌కి మా ప్రయాణం ఇలాగే జరిగింది.

మాది ఉద్దానం. సోంపేటకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, కొబ్బరితోటల మధ్య ఊరు. మా ఆయన లెక్కల మాస్టారు, నేను తెలుగు పంతులమ్మని. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళు ఖాళీ చేసిందో మా శ్రీకాకుళం జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. నీళ్ళలో సిలికా అన్నారు, భార లోహాలు అన్నారు, ఎండలో పనిచేసి నీళ్ళు తాగకపోవడం అన్నారు, నొప్పి బిళ్ళలు అన్నారు. ఇదీ కారణం అని అందరూ ఒప్పుకున్న మాట ఇప్పటికీ లేదు. కారణం తేలేలోపు మా ఆయన రక్తపరీక్ష కాగితంలో క్రియాటినిన్ అంకె పెరుగుతూ పోయింది. లెక్కల మాస్టారు కదా, ఆ అంకెల్ని ఒక నోటుబుక్కులో తేదీలవారీగా రాసుకుని, గ్రాఫు గీసుకుని, అది ఎటు పోతోందో నాకంటే ముందే తెలుసుకున్నారు.

నేను బాప్టిస్టు కుటుంబంలో పుట్టాను. నలభై ఏళ్ళు ఆదివారపు బడిలో పిల్లలకి మంచి సమరయుని కథ చెప్పాను. ఆ కథ చెప్పినప్పుడల్లా నన్ను నేను గాడిద మీద వస్తున్న సమరయుని పక్కనే ఊహించుకున్నాను. దెబ్బలు తిని దారి పక్కన పడి ఉన్నది నేనే కావచ్చని, ఆగి చేయి అందించేవాడు మా గుడికి ఎన్నడూ రానివాడు కావచ్చని ఆ మూడేళ్ళలోనే తెలిసింది. సేవ గురించి నాకు తెలుసనుకున్నదంతా అప్పుడు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది.

*

మా సంఘాల్లో 'సేవ' అనే మాట రానురాను ఇరుకైపోయింది. పాస్టరు గారు ఎదురైతే "అయ్యగారూ, సేవ ఎలా జరుగుతోంది?" అని అడుగుతాం. కూడికలు బాగా జరుగుతున్నాయా, జనం వస్తున్నారా అని దాని అర్థం. వాక్యం చెప్పేవారినే 'సేవకులు' అంటాం. మంచంపట్టిన పక్కింటి ముసలాయన పక్కబట్టలు ఉతికిన మనిషిని ఎవరూ అలా పిలవరు. వాక్యం చెప్పడం చిన్న పని అని నేననను. ఆ వాక్యం విని పెరిగినదాన్నే. కాని ఒక పెద్ద మాటని మైకు దగ్గర కట్టేస్తే, మైకు ముందు కూర్చున్న మిగతా అందరం అది మన పని కాదనుకుంటాం.

తెలుగు చెప్పి బతికినదాన్ని కనుక నాకు మన బైబిలు తెలుగులోని ఇంకో మాట మీద మనసు. పరిచర్య. 'పరి' అంటే చుట్టూ. 'చర్య'లో ఉన్నది నడవడం, తిరగడం. పరిచర్య అంటే ఒక మనిషి చుట్టూ తిరగడం. పసిబిడ్డ చుట్టూ తల్లి తిరిగినట్టు, బాలింత చుట్టూ ఆమె అమ్మ తిరిగినట్టు. ఈ మాటలోనే 'ఒక్కసారి' అనేదానికి చోటు లేదు. ఒక్కసారి వచ్చి వెళ్ళేదాన్ని పరామర్శ అంటాం. అదీ మంచిదే. పరిచర్య కావాలంటే మాత్రం మళ్ళీ రావాలి.

యేసు తాను వచ్చింది జనం చేత పనులు చేయించుకోవడానికి కాదని శిష్యులకి చెప్పిన చోట మన అనువాదకులు వాడింది ఈ మాట కుటుంబంలోని 'పరిచారమే'. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో తొలి సంఘానికి వచ్చిన తగువు కూడా దీని గురించే. రోజూ జరిగే వడ్డనలో కొందరు విధవరాండ్రకి సరిగ్గా అందడం లేదని ఫిర్యాదు వచ్చింది. దాన్ని సరిచేయడానికి ఆత్మతో నిండిన ఏడుగురిని వెతికి ఏర్పరిచారు. అన్నం వడ్డించడానికి అంత పెద్ద అర్హత ఎందుకు? నాకు తోచిన జవాబు ఒకటే. అది రోజూ చేయవలసిన పని. ఒక్క రోజు దయ చూపడానికి మంచి మనసు చాలు, ప్రతి రోజూ చూపాలంటే మన సొంత బలం చాలదు.

*

ఈ సంగతి నాకు పదేళ్ళ వయసులోనే ఒకరు చూపించారు. అర్థం కావడానికి యాభై ఏళ్ళు పట్టింది.

1967 వేసవి. మా నాయనమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. డబ్బులు తడిమి అణా ఏదో, అర్ధణా ఏదో చెప్పేది. నా చెంపలు తడిమి నన్ను గుర్తుపట్టేది. సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళ ఆరోగ్యవరం ఆసుపత్రి ఉంది. అక్కడ కంటి డాక్టరుగా పేరుపడ్డాయన బెన్ గల్లిసన్. ఈ జిల్లాలవాళ్ళే కాదు, ఒడిశా వైపు నుంచీ జనం కళ్ళు పట్టుకుని అక్కడికి వచ్చేవారు. అలా వచ్చినవాళ్ళలో మా నాయనమ్మ ఒకరు.

ఇప్పుడు శుక్లం తీసిన కంట్లోనే ఒక చిన్న కటకం పెట్టేసి ఇంటికి పంపిస్తున్నారు. ఆ రోజుల్లో మా దగ్గర అది లేదు. కంట్లో మసకబారిన కటకాన్ని మొత్తంగా తీసేవారు. గాయం కదలకుండా కళ్ళకి కట్టు కట్టి, తలకి రెండు పక్కలా ఇసక సంచులు పెట్టి, రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. దగ్గడానికి లేదు, పక్కకి తిరగడానికి లేదు. గంజి చెంచాతో పోయడం నా పని. నాయనమ్మకి చదువు రాదు కాని పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు నోటికి వచ్చు. ఆయన 1803లో పుట్టి 1890దాకా బతికిన మన ప్రాంతపు భక్తకవి. కళ్ళకి గంతలతో, పెదవులు మాత్రం కదుపుతూ, ఆమె ఆ కీర్తనలు గొణుక్కునేది.

కట్టు విప్పిన రోజు మేమంతా మంచం చుట్టూ నిలబడ్డాం. నాయనమ్మ అటూ ఇటూ చూసి ఏడుపు మొదలెట్టింది. "ఏటీ సరిగ్గా అవుపించట్లేదు. మీరంతా తాటిమోదుల్లాగున్నారు" అంది. మా నాన్న మొహం మాడిపోయింది. నర్సమ్మ ఓపిగ్గా చెప్పింది. కటకం తీసేశాం కాబట్టి ఇప్పుడు మసకే ఉంటుంది, గాయం మానాక ఆరు వారాలకి తీసుకురండి, దళసరి అద్దాలిస్తాం, అప్పుడు కనబడుతుంది అని. నాన్న తలూపాడే కాని ఆరు వారాలకి జీడితోటల్లో పని ముమ్మరంగా ఉంది. మళ్ళీ బస్సు ఖర్చు, మళ్ళీ కూలి పోగొట్టుకోవడం. ముసలిదానికి ఈమాత్రం చాలదా అనే మాట ఇంట్లో వినబడింది.

ఆరు వారాలు నిండిన రోజు మా ఊరి బైబిలు స్త్రీ మా వాకిట్లోకి వచ్చింది. ఊళ్ళమ్మట తిరిగి ఆడవాళ్ళకి అక్షరాలు, వాక్యం చెప్పే పేద విధవరాలు ఆమె. తేదీ ఆమె గుర్తుపెట్టుకుంది. నాయనమ్మ చేయి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కించింది. ఆ సాయంత్రం సీసా అడుగుల్లాంటి దళసరి అద్దాల వెనకనుంచి మా నాయనమ్మ నన్ను చాలాసేపు చూసింది. "ఓలమ్మ, దీనిది మా అమ్మ మొహమేనే!" అంది. నేను పుట్టిన పదేళ్ళలో ఆమె నా మొహం స్పష్టంగా చూడడం అదే మొదటిసారి.

మార్కు సువార్త ఎనిమిదో అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాడి సంగతి ఉంది. యేసు అతని చేయి పట్టుకుని ఊరి బయటికి నడిపించుకెళ్ళాడు. కళ్ళమీద చేతులుంచి, ఏమైనా కనబడుతోందా అని అడిగాడు. మనుషులు నడిచే చెట్లలా కనబడుతున్నారన్నాడతను. అప్పుడు యేసు రెండోసారి చేతులుంచాడు. అతనికి అన్నీ తేటగా కనబడ్డాయి. సువార్తల్లో రెండు విడతల్లో జరిగిన స్వస్థత ఇదొక్కటే. దేవుని కుమారుడికి రెండోసారి తాకవలసిన అవసరం ఏమొచ్చిందని పండితులు రకరకాలుగా వివరిస్తారు. నాకు మాత్రం ఆ చోటు చదివినప్పుడల్లా తాటిమోదులు, ఆరు వారాల తర్వాత వాకిట్లో నిలబడ్డ బైబిలు స్త్రీ కళ్ళముందు మెదులుతాయి. ఆపరేషన్ చేసింది డాక్టరే. అయితే ఆమె మళ్ళీ రాకపోతే ఆ ఆపరేషన్ మా నాయనమ్మకి మసక మాత్రమే మిగిల్చేది. యేసు తాను చేసిన పని ఎంతవరకు వచ్చిందని ఆ మనిషినే అడిగాడు. అరకొరగా ఉందని తెలిసి వదిలి వెళ్ళలేదు.

సోంపేట ఆసుపత్రి కథలోనే ఇంకో సంగతి ఉంది. 1963లో గల్లిసన్ గారు కెనడాలోని కాల్గరీలో మన సోంపేట చూపులేనివారి గురించి మాట్లాడారు. వింటున్నవారిలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారస్థుడున్నాడు. ఆ మాటలు ఆయన్ని వదల్లేదు. ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్ అనే సంస్థ అలా పుట్టింది. సోంపేటతో మొదలై, తర్వాత దక్షిణాసియా, ఆఫ్రికా దేశాలదాకా చూపు నిలబెట్టే పని చేసింది. విరాళం ఇచ్చి మరిచిపోవడానికి ఆ రోజు ఆయనకి అడ్డేమీ లేదు. ఆ సోంపేటని పట్టుకునే ఆయన అంత దూరం నడిచాడు.

*

రెండో పాఠం సాలూరులో దొరికింది. విజయనగరంలో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు, 1978 క్రిస్మస్‌కి మా అమ్మాయిలం కొందరం పాటలు పాడడానికి సాలూరు ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాం. వేగావతి ఒడ్డున, ఒడిశా కొండల మొదట్లో ఉన్న ఊరు సాలూరు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. జర్మనీ ఉత్తర కొసన ఉన్న బ్రెక్లుమ్ అనే చిన్న ఊరి లూథరన్ మిషన్ వాళ్ళు 1880లలో అక్కడ దిగారు. ఊళ్ళనుంచి వెలివేసిన కుష్ఠు రోగులకి నీడ ఇచ్చే పని వాళ్ళ చేతులమీదుగా మొదలైంది. తర్వాత లెప్రసీ మిషన్ దాన్ని నడిపిస్తూ వచ్చింది.

మేం పాటలు పాడాం, మిఠాయిలు పంచాం. తిరిగి వచ్చేదారిలో ఒక వసారా దగ్గర నేను ఆగిపోయాను. ఒక నడివయసు మనిషి బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి పనిమనిషి ఒకామె కింద కూర్చుని, ఒక్కో కాలు ఎత్తి, అరికాలు వెలుతురుకి తిప్పి చూస్తోంది. నానిన దళసరి చర్మాన్ని రాయితో మెల్లగా గీకి, నూనె రాసింది. వేళ్ళ సందులు విడదీసి చూసింది. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తొక్కినా ఆ కాలికి తెలియదు. నరాలు చచ్చిపోయాయి. నొప్పి తెలియని కాలికి చిన్న పుండు పెద్దదై, ఎముకదాకా పోతుంది. అందుకే రోజూ నానబెట్టాలి, గీకాలి, నూనె రాయాలి, చూడాలి. మెత్తటి రబ్బరు అడుగున్న ప్రత్యేకమైన చెప్పులు తొడుక్కోవాలి. అతని కాలికి తెలియని నొప్పిని ఆమె కళ్ళు కనిపెట్టాలి.

"రోజూ చేస్తారా?" అని అడిగాను.

"నా కాళ్ళు నాకంటే ఈయమ్మకే బాగా తెలుసమ్మా" అన్నాడతను.

ఆ రోజుల్లో ప్రధానమైన మందు డాప్సోన్ ఒక్కటే. ఏళ్ళ తరబడి మింగాలి. 1980లలో రెండు మూడు మందుల్ని కలిపి ఇచ్చే చికిత్స వచ్చాక ఆరు నెలల్లోనో, ఏడాదిలోనో జబ్బు నయమవుతోంది. జబ్బు నయమైనా చచ్చిన నరాలు తిరిగి రావు కాబట్టి బేసిను మాత్రం బతికినన్నాళ్ళూ ఉంటుంది. పస్కా పండుగ ముందటి రాత్రి యేసు నడుముకి తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగిన సంగతిని మేం ఏడాదికొకసారి, సిలువ ధ్యానాల వారంలో చదువుకుంటాం. కొన్నిచోట్ల గుర్తుగా కాళ్ళు కడుగుతారు కూడా. ఆ వసారాలో ఎవరూ ఏ వాక్యమూ చదవలేదు. ఆ అధ్యాయం మాత్రం అక్కడ రోజూ జరుగుతోంది. యేసు కడిగిన కాళ్ళలో ఆ రాత్రే తనని పట్టించబోయేవాడి కాళ్ళూ ఉన్నాయి, తెల్లవారేలోపు తనని ఎరగనని చెప్పబోయేవాడి కాళ్ళూ ఉన్నాయి. ఎవరు దక్కుతారో లెక్కేసుకుని ఆయన నీళ్ళు పోయలేదు.

ఇక్కడొక ప్రశ్న దాటవేయడానికి వీల్లేదు. మిషన్ ఆసుపత్రుల వెనక మతం మార్చే ఆశ లేదా అని అడిగేవారున్నారు. ఆ మిషనరీలు తమ ఆశ ఎన్నడూ దాచుకోలేదు. వార్డుల్లో ప్రార్థన జరిగేది, గోడలమీద వాక్యాలుండేవి. కాని చూపు తెచ్చుకున్న జనం ఎక్కువమంది తమ ఇళ్ళకే, తమ దేవుళ్ళ దగ్గరకే వెళ్ళారు. వాళ్ళ కళ్ళు ఎవరూ వెనక్కి అడగలేదు. నా మట్టుకు నాకు ఒక గీత స్పష్టంగా కనబడుతుంది. నా విశ్వాసం గురించి అడిగినవారికి సంతోషంగా చెబుతాను. ఒక మనిషి నొప్పితో ఉన్నప్పుడు అతని అవసరాన్ని వలగా వేస్తే అది వ్యాపారం. ప్రభువు పేరు పెట్టి చేస్తే ఇంకా పెద్ద తప్పు. పడిపోయినవాణ్ణి సత్రానికి చేర్చిన సమరయుడు అతని ఊరూ పేరూ అడిగినట్టు ఆ కథలో లేదు. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానని సత్రం యజమానికి చెప్పినట్టు మాత్రం ఉంది. అక్కడా మళ్ళీ రావడమే.

*

ఇక మా ఇంటి సంగతి. మొదట్లో డయాలసిస్‌కి వంద కిలోమీటర్లు దాటి శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళం. ఆటో అబ్బాయి సోంపేట స్టేషన్‌లో రైలెక్కించి, రాత్రి మళ్ళీ అదే ప్లాట్‌ఫారం మీద కాచుకుని ఉండేవాడు. తర్వాత సోంపేటలోనే కేంద్రం తెరిచారు. చేతిలో ఫిస్టులా దగ్గర రెండు సూదులు గుచ్చి, నాలుగు గంటలు రక్తాన్ని యంత్రంలో తిప్పుతారు. ఎక్కేముందు బరువు, దిగాక బరువు. రోజంతటికీ తాగే నీళ్ళు ఒక సీసాకి మించకూడదు. పొటాషియం పెరుగుతుందని కొబ్బరినీళ్ళు వద్దన్నారు. చుట్టూ కనుచూపుమేర కొబ్బరితోటలు, మా పెరట్లోనే పదకొండు చెట్లు. ఆయన బోండాం వంక చూసి కళ్ళు తిప్పుకునేవారు.

ఆ నాలుగు గంటలూ ఆ అబ్బాయి బయట వేపచెట్టు కింద కూర్చునేవాడు. ఆ టైములో నాలుగు బేరాలు చూసుకుంటే అతనికి డబ్బులొస్తాయి. కాని దిగగానే మా ఆయనకి ఒక్కోసారి బీపీ పడిపోయి కళ్ళు తిరిగేవి. ఎత్తి కూర్చోబెట్టడానికి మగమనిషి కావాలి. కాచుకున్నందుకు డబ్బులివ్వబోతే ఒక్కనాడూ తీసుకోలేదు. "రానూపోనూ కిరాయి ఇస్తన్నారు కదా. కూకున్నోడికి డబ్బులేటమ్మా?" అనేవాడు.

2018 అక్టోబరు 11, గురువారం. ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరాన్ని దాటింది. తెల్లారేసరికి ఉద్దానం ఉద్దానంలా లేదు. కొబ్బరిచెట్లు వేర్లతో సహా పడిపోయాయి. జీడి, పనస చెట్లు విరిగిపోయాయి. కరెంటు లేదు, ఫోను లేదు, దారి లేదు. ఆ గురువారం మా ఆయన డయాలసిస్ రోజు. శుక్రవారం కాళ్ళు పొంగాయి. శనివారానికి పడుకుంటే ఊపిరి ఆడడం లేదు, గోడకి ఆనుకుని కూర్చున్నారు.

శనివారం పొద్దున్న గేటు గొళ్ళెం రెండుసార్లు చప్పుడైంది. ఆ అబ్బాయి భుజాన గొడ్డలి, వెంట అతని తమ్ముడు, చేతిలో రంపం. అతని రేకులిల్లు పైకప్పు ఎగిరిపోయిందని, తోటలో ఆరు చెట్లు పడిపోయాయని నాకప్పటికి తెలుసు. "నీ ఇల్లు చూసుకోక ఇలాగొచ్చీసినావేటి బాబూ" అన్నాను. "చెట్లు రేపైనా నరుక్కుంతాం. మేస్టారి ఊపిరి రేపటిదాకా ఆగదు కదేటి" అన్నాడు. పన్నెండు కిలోమీటర్లకి నాలుగు గంటలు పట్టింది. చెట్టు అడ్డం వచ్చిన ప్రతిచోటా దిగడం, కొట్టడం, దొర్లించడం, మళ్ళీ ఎక్కడం. ఆయన ముందుకు వంగి, సీటు కమ్మీ పట్టుకుని ఊపిరి తీస్తున్నారు. చేరాం. కేంద్రంలో జనరేటరు మీద యంత్రాలు నడుస్తున్నాయి. ఆ రాత్రి ఆయన పడుకుని నిద్రపోయారు.

అదే వారం చివర్లో ఒక క్రైస్తవ సంస్థ లారీ మా ఊరొచ్చింది. పేరు చెప్పను. బియ్యం, దుప్పట్లు తెచ్చారు. అవి మాకు కావలసినవే. ఇచ్చేముందు జనాన్ని గంటన్నర కూర్చోబెట్టి ప్రసంగం చెప్పారు. ఒక్కొక్కరి చేత సంచీ పట్టించి ఫొటో తీశారు. మళ్ళీ రాలేదు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం కాస్త చల్లారాక నా ముప్పై క్రిస్మస్‌లు గుర్తొచ్చాయి. స్త్రీల సమాజం తరఫున ఏటా విధవరాండ్రకి చీరలు పంచాను. ఏటా గ్రూపు ఫొటో దిగాను. ఆ చీరలు తీసుకున్నవాళ్ళలో ముగ్గురి ఇళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియదు. జనవరి నుంచి నవంబరు వరకు వాళ్ళెలా బతుకుతున్నారో ఒక్కసారీ అడగలేదు. ఆ సంస్థ ఒక్క రోజులో చేసిన తప్పు నేను ముప్పై ఏళ్ళు చేశాను.

మరుసటి ఏడాది, 2019 ఆగస్టులో మా ఆయన ప్రభువు దగ్గరకి వెళ్ళిపోయారు. పెట్టె మోసినవాళ్ళలో ముందు కుడిపక్క ఆ అబ్బాయే ఉన్నాడు.

*

సంఘంలో ఒకాయన నన్ను ఓదారుస్తూ, "ఆ డ్రైవరు ద్వారా దేవుడే పనిచేశాడమ్మా" అన్నారు. దేవుడు పనిచేశాడని నేనూ నమ్ముతాను. కాని ఆ అబ్బాయిని మా లెక్కలో కలిపేసుకోవడానికి నా మనసొప్పదు. గొడ్డలి పట్టింది అతను, నిద్ర మానుకున్నది అతను. అతని మంచితనం అతనిది. మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలో, ఆకలిగా ఉన్నప్పుడు అన్నం పెట్టారని, జబ్బుగా ఉన్నప్పుడు చూడవచ్చారని రాజు మెచ్చుకున్నవాళ్ళు, మేమెప్పుడు చేశామని ఆశ్చర్యపోతారు. ఎవరికి చేస్తున్నారో వాళ్ళకి తెలియదు. ఆ అధ్యాయం ఆ అబ్బాయి గురించి నాకేం చెబుతుందో తీర్పు తీర్చడం నా పని కాదు. నా గురించి మాత్రం గట్టిగానే చెబుతుంది. ఎవరికి చేస్తున్నానో నలభై ఏళ్ళుగా తెలిసినదాన్ని నేను.

ఆదివారపు బడిలో పదో తరగతి పిల్ల ఒకతె నన్ను అడిగింది. "టీచరుగారూ, దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఇలా చేస్తారు కదా. మరి ఇందులో మన విశ్వాసం ఎక్కడుంది?" మంచి ప్రశ్న. ఆ రోజు దానికి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

మాది సముద్రం పక్క ఊరు. బారువ తీరంలో తెల్లారగట్ల తెప్పలు ఒడ్డుకి రావడం చూసిన పిల్లలు వీళ్ళు. యోహాను సువార్త చివరి అధ్యాయంలో రాత్రంతా వలలు వేసి ఏమీ దొరకని శిష్యులు ఒడ్డుకి వస్తారు. తిరిగి లేచిన ప్రభువు అక్కడ బొగ్గుల మంట వేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టుకుని కాచుకుని ఉంటాడు. ఆపద వేళ తనని వదిలి పారిపోయినవాళ్ళే వీళ్ళు. వీళ్ళలో పేతురు ఆయన్ని ఎరగనని మూడుసార్లు చెప్పినవాడు. వాళ్ళ దగ్గరకి ఆయన మళ్ళీ వచ్చాడు. వచ్చి ముందు తిండి పెట్టాడు. మాట తర్వాత మాట్లాడాడు. పునరుత్థానం అంటే నాకు తెలిసిన అర్థం ఇది. మనం విడిచిపెట్టినా ఆయన మళ్ళీ వచ్చాడు. దాన్ని నమ్మినదాన్ని కాబట్టి నేనూ మళ్ళీ వెళ్ళాలి. పుణ్యం కూడబెట్టుకోవడానికి వెళ్ళడం లేదు. రక్షణ మన పనులతో కొనుక్కునేది కాదని మా పెద్దలు నేర్పారు. ఉచితంగా దొరికినదాన్ని చేతిలో బిగించి పట్టుకుని ఊరికే కూర్చోలేక వెళుతున్నాను. వెళ్ళడానికి బలం చాలని రోజున ఎవర్ని అడగాలో కూడా నా విశ్వాసమే చెప్పింది.

ఇప్పుడు సోమవారం, గురువారం నేనూ, స్త్రీల సమాజంలో ఇంకో నలుగురం డయాలసిస్ కేంద్రానికి వెళుతున్నాం. ఒంటరిగా వచ్చేవాళ్ళ పక్కన కూర్చుంటాం. సర్కారు చేయవలసినవి కొన్ని చేసింది. 2019 నుంచి డయాలసిస్ రోగులకి నెలకి 10,000 రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. వంశధార నీళ్ళు హిరమండలం నుంచి గొట్టాల్లో ఉద్దానానికి వచ్చాయి. అవి మా చేతుల్లో అయ్యే పనులు కావు, సర్కారే చేయాలి, చేయకపోతే అడగాలి. కాని పింఛను కాగితంలో పేరు ఒక అక్షరం తప్పుపడితే ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరగడానికి ఒక మనిషి కావాలి. రక్తం తిరుగుతున్న నాలుగు గంటలు కబుర్లు చెప్పడానికి ఒక మనిషి కావాలి. వారం రాకపోతే ఎందుకు రాలేదని ఇంటికి వెళ్ళి తలుపు తట్టడానికి ఒక మనిషి కావాలి. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు పక్కకి తీసి గుడికి తెచ్చే అలవాటు మా ఆడవాళ్ళకి ముందునుంచీ ఉంది. ఇప్పుడు ఆ బియ్యం బేచి చివర్లో దిగేవాళ్ళకి అన్నమవుతోంది.

మేం రెండు నియమాలు పెట్టుకున్నాం. మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమీ ఇవ్వం, ఏం కావాలో అడుగుతాం. యేసు బర్తిమయిని కూడా, గుడ్డివాడని కళ్ళెదుట కనబడుతున్నా, అతనికేం చేయాలో అడిగాడు. రెండోది, ఎవరైనా అడిగితేనే ప్రార్థన చేస్తాం. అడిగేవాళ్ళున్నారు. వద్దనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి పక్కనా ఒకే స్టూలు మీద, అంతే సేపు కూర్చుంటాం.

మొన్న వేసవిలో ఆటో అబ్బాయి వాళ్ళమ్మకి శుక్లం తీశారు. ఈ కాలపు ఆపరేషన్ కనుక ఇసక సంచులు లేవు, తాటిమోదుల మసకా లేదు. మర్నాటికే కట్టు విప్పారు. కాని నెల పైన కంట్లో చుక్కలు వేయాలి. మొదటి వారం రోజుకి ఆరుసార్లు, తర్వాత ఒక్కొక్కటి తగ్గించుకుంటూ. అతను తెల్లవారుజామునే రోడ్డెక్కుతాడు, అతని భార్య జీడి ఫ్యాక్టరీకి వెళుతుంది. పగటిపూట చుక్కలు నేను వేస్తానన్నాను. అతను మొహమాటపడ్డాడు. "కూకున్నదానికి ఏటి బాబూ" అన్నాను.

వాళ్ళ గుమ్మం పక్కన దుర్గమ్మ పటం, దాని కింద పసుపు బొట్లు. చేతులు సబ్బుతో కడుక్కుని, ముసలమ్మ తల వెనక్కి వంచి, కింది రెప్ప మెల్లగా లాగి, ఒక చుక్క వేస్తాను. రెండు నిమిషాలు కళ్ళు మూసుకోమంటాను. గడియారం చూసుకుంటూ పక్కన కూర్చుంటాను. రెండు గంటలయ్యాక మళ్ళీ బయల్దేరతాను. చెప్పుల చప్పుడు వినగానే ఆమె కళ్ళు మూసుకునే గుమ్మం వైపు తల తిప్పుతుంది.

"అమ్మా, మళ్ళీ వచ్చీసినావేటి?" అంటుంది.